మంచు మీది పందెము

మంచు అనగా మాకు డెబ్బదియెనిమిదవ యేడు వచ్చువరకును రెండే యర్థములు. ఒకటి, ధనుర్మాసమున తెల్లవారుజామున గోదావరి గట్టుపై పరచుకొని, ఎనిమిది గంటలు కాగానే సూర్యుని చూచి జారుకొనునది. రెండవది, ప్రబంధకవి హిమవంతుని వర్ణింపబూనినపుడు మాత్రము పద్యములలో కురియునది. ఇవి రెండును గాక మూడవ మంచొకటి కలదనియు, అది గాజువలె గట్టిపడి యుండుననియు, దానిపై మనుష్యులు కాళ్లకు పొడవైన చెక్కలు బిగించుకొని రైలుబండిని మించిన వేగముతో దిగుదురనియు చదివియుంటిమి. చదివి నమ్ముట వేరు, ఎదుట నిలిచి చూచుట వేరు.

2025 జనవరిలో, సంక్రాంతికి నాలుగు దినములు ముందుగా, మేమును మా గృహిణియు స్విట్జర్లాండులోని మా పెద్దమ్మాయి యింటికి పోయితిమి. అచట మాకొక మనుమరాలు కలదు. పదునొకండేండ్ల పిల్ల. తెలుగు నెమ్మదిగా, జర్మను త్వరగా మాటలాడును. మేము చెప్పులు విడిచి లోపల నడుగిడగనే ఆ పిల్ల మొట్టమొదట చెప్పిన వార్త, నెలాఖరున తమ పిల్లల సంఘమువారు స్కీ పందెము పెట్టుచున్నారనియు, తానందు పాల్గొనుచున్నాననియు.

మా గృహిణి మొగము చిన్నబోయెను. "ఆడపిల్ల. కాలో చెయ్యో విరిగితే?" అనెను.

"మగపిల్లాడికైతే విరగదా అమ్మా?" అని మా అమ్మాయి వంటయింటిలోనుండి యడిగెను. ఆ మాటలో కోపము లేదు. కోపమున్న బాగుండెడిది. మా గృహిణి మావైపు చూచెను, తీర్పు చెప్పుమన్నట్లు. మేము బల్లపైనున్న వార్తాపత్రిక తీసి చదువుచున్నట్లు కూర్చుంటిమి. ఆ పత్రిక జర్మను భాషలోనిది. మాకు జర్మను రాదు.

మేమేల మాటలాడలేదో మా అమ్మాయికి తెలియును, మాకును తెలియును. ఆ సంగతి తరువాత వ్రాసెదము.

సంక్రాంతి వెళ్లిన నాలుగవనాడు, శనివారమున, అల్లుడుగారు మమ్ములను వెంగెన్ అను కొండయూరికి తీసికొనిపోయిరి. ఆ యూరికి మోటారుకార్లు పోవు; లౌటర్‌బ్రున్నెన్ లోయనుండి పండ్లపట్టాలమీద ప్రాకు చిన్న రైలే దిక్కు. పైకి పోగానే ఎదుట ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ అను మూడు శిఖరములు గోడకట్టినట్లు నిలిచియుండును. అచట 1930 మొదలు లౌబర్‌హోర్న్ పందెము జరుగుచున్నది. ఎర్న్‌స్ట్ గెర్ట్‌ష్ అను ఆ యూరివాడు దానిని నెలకొల్పెను. ఆనాడు జరుగునది డౌన్‌హిల్, అనగా కొండమీదినుండి క్రిందికి ఒకే పరుగు. వేగమే దానికి ప్రాణము. దారి పొడవు సుమారు 4½ కిలోమీటర్లు. ప్రపంచకప్పు డౌన్‌హిల్ దారులలో దీనిని మించిన పొడవు వేరొకదానికి లేదు. దిగవలసిన ఎత్తు వేయి మీటర్లకు పైమాట. మనుష్యుడు దీనిని ముగించుటకు పట్టు కాలము రమారమి రెండున్నర నిమిషములు. మా యింట కాఫీ కాగుటకు ఇంతకంటె నెక్కువ పట్టును.

దారిలో హుండ్‌షొప్ఫ్ అను చోటు కలదు. కుక్కతల యని యర్థమట. రెండు రాతిబండల నడుమనుండి ఆటగాడు గాలిలోనికి దుముకును. దుముకునపుడు తాను దిగబోవు నేల వానికి కనబడదు. మేము నిలుచున్నచోటినుండి చూడగా, ఆకాశములోనుండి యొక రంగుచుక్క పుట్టినట్లుండి, అంతలోనే మనిషియై, అంతలోనే మంచుదుమ్మై పోయెను. మరికొంత దిగువను ఆ దారి రైలుకట్ట క్రిందుగా దూరి పోవును. హానెగ్ అను వాలులో 2013లో జొహాన్ క్లారే అను ఫ్రెంచివాడు గంటకు 161.9 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. అనగా నూరు మైళ్లు దాటినది. ఇంత వేగమున వచ్చిన వానికి తుదను మరల రెండు ఘోరమైన మలుపులు, తొడలలో బలమంతయు ఉడిగిన తరువాత. అచట నిలువబడి వచ్చుటయే విద్య యని ప్రక్కనున్న స్విస్సు వృద్ధుడొకడు మాకు సైగలతో బోధించెను. అతని చేత ఆవుమెడ గంట యొకటి. స్వదేశపు వాడు మార్కో ఒడెర్‌మాట్ దిగునపుడు అతడా గంటను వాయించిన తీరు చూడగా, మా యూరి రథోత్సవము జ్ఞప్తికి వచ్చెను. ఒడెర్‌మాటే ఆనాడు గెలిచెను.

డౌన్‌హిల్ ఆటగాండ్లకు ముందుదినములలో అభ్యాసపు పరుగులుండును. అది దయ కాదు, నియమము. అభ్యాసము చేయనివానిని పందెమునకు రానీయరు. మగవారి స్కీలు 218 సెంటీమీటర్లకు తక్కువ కాకూడదు. నిలువెత్తు మనిషికంటె మూరెడు పొడవన్నమాట. ఫలితమును సెకనులో నూరవవంతు వరకు లెక్కింతురు. మేము కాగితము తీసి లెక్కవేసితిమి. గంటకు 130 కిలోమీటర్ల వేగమున నూరవవంతు సెకనులో మనిషి పోవు దూరము 36 సెంటీమీటర్లు, మూరకంటె తక్కువ. ఆ మూరెడులో బంగారు పతకము పోవచ్చును, రావచ్చును. 2014లో సోచీ ఒలింపిక్కులందు స్త్రీల డౌన్‌హిల్‌లో టీనా మాజే, డొమినిక్ గీసిన్ అను నిద్దరును సరిగా ఒక నిమిషము 41.57 సెకనులకు వచ్చిరి. ఇద్దరికిని బంగారమే యిచ్చిరి.

ఈ యాటయందు ప్రాణభయము లేదని చెప్పిన అసత్యమగును. మేము నిలుచున్న ఆ కొండమీదనే 1991లో గెర్నాట్ రైన్‌ష్టాడ్లర్ అను ఇరువదియేండ్ల ఆస్ట్రియా యువకుడు తుది మలుపులలో వలలో చిక్కుకొని మరణించెను. ఆ యేడు పందెమును మానివేసిరి. 1994లో జర్మనీదేశపు గార్మిష్‌లో ఉల్రికె మైయర్ అను ప్రసిద్ధురాలు డౌన్‌హిల్ దిగుచు పడి చనిపోయెను. ఆమె రెండుమారులు సూపర్‌జీ అను పందెమున ప్రపంచవిజేత. ఒక చిన్నపిల్లకు తల్లి. అటుపిమ్మట వలలు మారినవి, ఒరలు మారినవి. ఉడుపు క్రింద గాలితిత్తి ధరింపవలెనను నియమము వేగపు పందెములలో 2024-25 శీతకాలమున వచ్చినది. అయినను ప్రమాదము పోలేదు. ఇదంతయు అల్లుడుగారు రైలులో మెల్లగా చెప్పుచుండగా మా గృహిణి వినెను. విని, "ఇది చూచి కూడా పిల్లను పంపుతారా?" అని యడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మేము సమాధానము చెప్పలేదు. ఆమె యడిగినది యీ ప్రశ్నను మాత్రమే యైనచో మాకంత బాధ లేకపోవును. ఆమె మొదట నడిగినది ఆడపిల్లను గూర్చి. రెండు ప్రశ్నలును వేరు. మొదటిదానిని రెండవదాని వెనుక దాచుట మన యిండ్లలో మిక్కిలి పాత విద్య.

మనుమరాలు మాత్రము నవ్వెను. "అది డౌన్‌హిల్, అమ్మమ్మా. మాది స్లాలమ్. వేరే ఆట!" అనెను. మా గృహిణికి ఆ భేదము తెలియలేదు. నిజము చెప్పవలెనన్న మాకును తెలియలేదు.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట ఆ పిల్ల మాకు పాఠము చెప్పెను. అరిసెలకని మా గృహిణి స్వదేశమునుండి మోసికొనివచ్చిన బియ్యపుపిండి కొంత మిగిలియుండెను. దానిని పళ్లెములో కొండవలె పోసి, అగ్గిపుల్లలు గుచ్చి, మిరియపుగింజ నొకదానిని ఆటగాడుగా చేసెను. పిండి వృథా యగుచున్నదని మా గృహిణి మొదట గొణిగెను గాని, పాఠము నడుమకు వచ్చునప్పటికి తానే అగ్గిపుల్లలు సరిచేయుచుండెను.

స్లాలమున గడలు దగ్గరదగ్గరగా నుండును, ఎరుపొకటి, నీలమొకటి. వాని నడుమ కుడికి, ఎడమకు, కుడికి, ఎడమకు మెలికలు తిరుగుచు దిగవలెను. పెద్దవారి పందెమున మలుపులు అరువదికి అటునిటు. ఒక్కొక్క పరుగు నిమిషమునకు లోపుననే ముగియును. అనగా సెకనునకొక మలుపు. స్కీలు పొట్టివి: స్త్రీలకు 155, పురుషులకు 165 సెంటీమీటర్లు. గడలకు మొదట కీలుండును గనుక ఆటగాడు వానిని తప్పించుకొని పోడు. ముంజేతితోను మోకాలితోను వానిని పడగొట్టుచునే పోవును. రెండు పరుగులు, రెంటికిని దారి వేరు. కాలములను రెంటిని కూడుదురు. ఒక్క గడను తప్పిన యెడల అంతయు పోవును.

జెయంట్ స్లాలమున గడలు దూరదూరముగా నుండును, మలుపులు పెద్దవి, వేగము హెచ్చు. దానికిని రెండు పరుగులే. సూపర్‌జీ యనునది డౌన్‌హిల్‌నకును జెయంట్ స్లాలమునకును నడుమ పుట్టినది. వయస్సున చిన్నది; ప్రపంచపు పోటీలలోనికి 1987లోను, ఒలింపిక్కులలోనికి 1988లోను వచ్చెను. మాకన్నిటికంటె వింతగా తోచినది యిదియే. డౌన్‌హిల్ అంత వేగముగా దిగవలెను గాని అభ్యాసపు పరుగు లేదు. పందెమునాటి ఉదయమున దారిప్రక్కగా మెల్లగా జారుచు, ఏ గడ యెచటనున్నదో, ఏ మిట్ట వెనుక నేమున్నదో చూచి మనస్సున పెట్టుకొనవలెను. అంతే. తరువాత ఒక్కమారు దిగవలెను. మరల అవకాశము లేదు. 2018లో కొరియాదేశపు ఒలింపిక్కులందు ఎస్టర్ లెదెట్‌స్కా అను చెక్ దేశపు యువతి ఈ పందెమును నూరవవంతు సెకనుతో గెలిచెను. ఆమె ముఖ్యముగా స్నోబోర్డు ఆటగత్తె. గెలిచితినని ఆమెయే నమ్మలేక ఫలితపు పలకవైపు చూచుచు నిలిచిపోయెనట. ఒక్కమారు చూచి, కనులు మూసికొని తలచుకొని, తెలియని దానిలోనికి దుముకుట! మన బాలికలను పెండ్లి చేసి పంపుట యిట్టిదే గదా యని మా గృహిణి అనెను. ఉదయమున దారి చూపుటయైన వారికున్నదని మా అమ్మాయి చేర్చెను.

ఇక పరుగుల వరుసను గూర్చి. కొత్తగా చదునుచేసిన మంచుపై ముందు దిగువారికి దారి నున్నగా నుండును. ఒక్కొక్కరు దిగినకొలది మలుపులయొద్ద మంచు చెక్కుకొని పోయి గాడి పడును. మనుమరాలు వ్రేలితో పిండిమీద ఒకే మలుపును మరల మరల గీచి చూపెను. పదిమారులు గీచునప్పటికి మిరియపుగింజ ఎటు తోసినను ఆ గాడిలోనికే దొరలిపోయెను. మొదటి పరుగున ముందు దిగువారెవరన, ఇదివరలో బాగుగ గెలిచినవారు. వెనుక దిగువారెవరన, ఇంకను గెలువవలసినవారు. ముందువారి స్కీలు త్రవ్విన గాడిలో వెనుకవారు పడుదురు. పడినందున వారి స్థానము మరల వెనుకకే పోవును. ఈ యేర్పాటు మాకు పరిచితముగా తోచెను. నలుబదియేండ్లు బడిలో పాఠములు చెప్పితిమి గనుక ముందు బల్లలును వెనుక బల్లలును మాకు తెలియనివి కావు. ఎవరి తాతలు చదివిరో వారి మనుమలే ముందుబల్లలలో నెట్లు కూర్చుందురో అదియును తెలియును.

అయితే ఈ యాటను నడుపువారు ఒక చిన్న న్యాయము చేసిరి. స్లాలమున, జెయంట్ స్లాలమున రెండవ పరుగున మొదటి ముప్పదిమంది వరుసను తలక్రిందు చేయుదురు. మొదటి పరుగున ముప్పదియవవాడు రెండవ పరుగున అందరికంటె ముందు, కొత్త మంచుపై దిగును. మొదటివాడు చిట్టచివర, గాడులు పడిన దారిలో దిగును. గొప్పవాడన గాడి పడిన దారిలోకూడ గెలిచి చూపవలెను. మేమిది విని పళ్లెముపై వ్రేలుంచి చాలసేపు కూర్చుంటిమి. ముప్పదిలోపున చేరని వారికి ఈ దయ లేదన్న సంగతియు పిల్ల వెంటనే చెప్పెను, దాచలేదు.

మన దేశమువారు ఎల్లప్పుడును ఆ వెనుక వరుసలలోనివారే. 1964లోను 1968లోను జెరెమీ బుజకోవ్‌స్కీ యను పోలెండు సంతతివాడు భారతదేశము పక్షమున ఒలింపిక్కులలో దిగెను. 1988లో కాల్గరీలో శైలజా కుమార్ స్లాలము దిగెను. శీతకాలపు ఒలింపిక్కులలో పాల్గొన్న మొదటి భారతీయ స్త్రీ ఆమెయే. 2018లో మనాలి ప్రాంతపు ఆంచల్ ఠాకూర్ తుర్కీదేశమున ఒక అంతర్జాతీయ పందెమున స్లాలములో కంచుపతకము గెలిచెను. గుల్‌మర్గ్‌వాడైన ఆరిఫ్ ఖాన్ 2022లో బీజింగునకు భారతదేశమునుండి పోయిన ఏకైక ఆటగాడు. దట్టముగా మంచు కురియుచుండగా జెయంట్ స్లాలము ముగించి 45వవాడుగా నిలిచెను. ఆ పందెమున సగమునకు సమీపముగా ఆటగాండ్లు ముగింపనే లేదని తెలిసినవారు ఆ 45 అను సంఖ్యను చూచి నవ్వరు.

మరునాడు మ్యూరెన్‌నకు పోయితిమి. అది లౌటర్‌బ్రున్నెన్ లోయకు ఆవలిగట్టున, వెంగెనునకు ఎదురుగా, కొండయంచున కూర్చున్న యూరు. అచట మేమొక స్మారకశిలను చూచితిమి. ఆర్నాల్డ్ లన్ అనువానిది. ఈ లన్ పుట్టినయూరు చెన్నపట్టణమని తెలిసినపుడు మాకు కలిగిన ఆశ్చర్యము ఇంతంత కాదు. ఆయన తండ్రి హెన్రీ లన్ వైద్యుడైన మతప్రచారకుడు. 1888లో చెన్నపట్టణమున ఆర్నాల్డ్ జన్మించెను. తండ్రికి ఆరోగ్యము సరిపడక వెంటనే ఇంగ్లండునకు మరలిపోయిరి గనుక ఆ శిశువునకు మన యెండ జ్ఞాపకముండదు. అయినను మంచుమీది పందెములకు నియమములు వ్రాసినవాడు మన తాతలు పుస్తకములచ్చువేయించుకొన్న పట్టణమున కన్ను తెరచెనని తలచుకొన్నపుడు మాకు నవ్వువచ్చెను.

1911లోనే మోంటానా యను చోట హెన్రీ లన్ పేరున్న కుటుంబమువారు డౌన్‌హిల్ పందెము నడిపిరి. దానికి పెట్టిన కప్పు కందహారు రాబర్ట్సు ప్రభువు పేరిటిది. ఆయన 1880లో కాబూలునుండి కందహారునకు సేన నడిపి ఆ బిరుదు పొందెను. తరువాత చెన్నపట్టణపు సైన్యమునకు అధిపతియయ్యెను. ఆఫ్‌గనుల నెత్తురుతో వచ్చిన పేరు ఆల్ప్సు మంచుమీద ఆటకప్పునకెక్కుట విచిత్రము. నేటికిని కందహారు పేరుతో పందెములున్నవి. పేర్లు పెట్టువారు పేరెచటనుండి వచ్చెనో విచారింపరు.

ఆర్నాల్డ్ లన్ 1909లో వేల్సుకొండలలో బండలనుండి పడి కాలు విరుగగొట్టుకొనెను. ఆ కాలు రెండంగుళములు పొట్టియైపోయెను. ఆ కాలితోనే ఆయన స్కీలు తొక్కెను. 1922 జనవరిలో మ్యూరెన్‌లో నేటి పద్ధతి స్లాలమును మొదటిసారి నడిపెను. అందాయన చేసిన మార్పు చూచుటకు చిన్నది. అంతకు పూర్వము మలుపు తిరుగువాని సొంపును చూచి న్యాయాధిపతులు మార్కులు వేయుట వాడుకగా నుండెను. ఆయన దానిని తీసివేసెను. గడల నడుమనుండి తప్పక పోవలెను, అందరికంటె త్వరగా రావలెను, ఇంకేమియు లేదు. ఎట్లు తిరిగెను, ఎంత సొగసుగా తిరిగెను అను విచారణ లేదు. గడియారమే న్యాయాధిపతి.

ఈ సంగతి చదువుచు మేము మా యింటి పెండ్లిచూపులను తలచుకొంటిమి. పిల్లను నడువుమనుట, పాడుమనుట, జడ చూపుమనుట, నడకకు ఇన్ని, గొంతుకకు ఇన్ని యని కండ్లతో మార్కులు వేయుట! గడియారము చాప మీద కూర్చుండదు, కాఫీ త్రాగదు, కట్నమడుగదు.

1923లో మ్యూరెన్‌లోనే స్త్రీలకొక స్కీ సంఘము వెలసినది. అంతర్జాతీయ స్కీ సమాఖ్యవారు ఈ క్రొత్త పందెములను చాలకాలమంగీకరింపలేదు. నార్వేవారి దృష్టిలో స్కీ యనగా మైళ్లకొలది నడక, దుముకుట, అంతే. 1930లో ఒప్పుకొనిరి. 1931లో మ్యూరెన్‌లో మొదటి ప్రపంచపు పోటీలు జరిగెను. ఆ మొదటి యేటనే, పురుషులతోపాటు, స్త్రీలును దిగిరి. ఎస్మె మకిన్నన్ అను పదునేడేండ్ల బాలిక డౌన్‌హిల్, స్లాలము రెండును గెలిచెను. దీని విలువ తెలియవలెనన్న ఒక పోలిక చెప్పుదుము: మంచుమీద సుదీర్ఘముగా నడచు పందెమున ఒలింపిక్కులు స్త్రీలను చేర్చుకొన్నది 1952లో, దుముకు పందెమున చేర్చుకొన్నది 2014లో. ఆల్ప్సు పందెములు 1936లో ఒలింపిక్కులలోనికి వచ్చినపుడు స్త్రీపురుషులిరువురును ఒక్కమారే వచ్చిరి. ఆ యేడు డౌన్‌హిల్‌ను స్లాలమును కలిపి ఒకే పతకము. క్రిస్ట్‌ల్ క్రాంట్స్ అను జర్మను యువతి డౌన్‌హిల్‌లో పడి ఆరవదిగా వచ్చి, స్లాలమున రెండు పరుగులును గెలిచి, కూడిక మీద మొదటిదైనది. ఈ కూడిక పందెమునకు నేడు వేరొక రూపము వచ్చినది: 2025లో సాల్‌బాహ్ పోటీలలో ఒకరు డౌన్‌హిల్, జతలోని వేరొకరు స్లాలము దిగి కాలములను కలుపుకొనిరి.

అన్నియు సమమైపోయెనని మేమనుట లేదు. 2012లో లిండ్సే వాన్ అను అమెరికా ఆటగత్తె, లేక్ లూయీసులో పురుషుల డౌన్‌హిల్ దిగుటకు సెలవడిగెను, సమాఖ్యవారు కూడదనిరి. కూడదనుటకు వారికారణములు వారికుండవచ్చును. అయినను ప్రపంచకప్పు విజయములలో స్వీడనువాడైన స్టెన్‌మార్క్ 86 లెక్కను 2023లో దాటినది ఒక స్త్రీయే. మికేలా షిఫ్రిన్ 2025 ఫిబ్రవరిలో నూరవ విజయము కూడ పొందెను. ఆ వార్త చదువునాటికి మేము రాజమహేంద్రవరము చేరియుంటిమి.

ఇపుడు మేము దాటవేసిన సంగతి చెప్పవలెను.

1993లో మా అమ్మాయికి పదునాలుగేండ్లు. బడిలో అందరికంటె వేగముగా పరుగెత్తుచుండెను. జిల్లా ఆటల పోటీలలో నన్నూరు మీటర్ల పరుగునకు దానిని ఎన్నుకొనిరి. ఆ వారమే మేము ఒక సభలో స్త్రీవిద్యను గూర్చి గంటసేపు ఉపన్యసించితిమి. చప్పట్లు మ్రోగినవి. ఇంటికి రాగా అమ్మాయి నిక్కరు తెచ్చి చూపెను. పరుగునాడు అది తొడుగుకొనవలెనట. మా తల్లిగారు చూచి తల పట్టుకొనిరి. వీథిలోని ఇద్దరు పెద్దమనుష్యులు మాతో నేదో యనిరి. ఏమనిరో వ్రాయుట కనవసరము. పోటీ ముందునాడు మేము స్వయముగా బడికి పోయి, పిల్లకు జ్వరమని చెప్పితిమి. జ్వరము లేదు. వారొక్క మాటయు అడుగక జాబితాలో ఎర్రసిరాతో పేరు కొట్టివేసిరి. ఆ కాగితమును మా అమ్మాయి మరునాడు నోటీసు బల్లమీద చూచెనట. ఇంటికి వచ్చి ఏమియు అనలేదు. ఏడ్వలేదు. నిక్కరును మడతపెట్టి మా బల్లమీద పెట్టి పోయెను. అటుపిమ్మట పరుగెత్తగా మేమెన్నడును చూడలేదు.

ఇదే మా జర్మను పత్రిక కథ.

మ్యూరెన్ నుండి వచ్చుచు, రోప్‌వే పెట్టెలో నిలుచుండి, మేము అమ్మాయితో నీ సంగతి యెత్తితిమి. "ఆనాడు నేను తప్పు చేశానమ్మా" అని మాత్రమంటిమి. ముప్పదిరెండేండ్లు ఆ మాట నోటికి రాలేదు. అమ్మాయి కిటికీలోనుండి లోయవైపు చూచుచు, "జ్వరమని చెప్పారు చూడండి నాన్నగారూ, అదే. వద్దని నాతో చెప్పుంటే పోట్లాడేదాన్ని. జ్వరంతో ఎవరు పోట్లాడతారు?" అనెను. పెట్టె క్రిందికి చేరినది. ఇక నెవరమును మాటలాడలేదు.

నెలాఖరున పిల్లల పందెము జరిగినది. కొండ చిన్నది, లౌబర్‌హోర్న్‌తో పోల్చిన గట్టు వంటిది. ముప్పదియైదుగురు పిల్లలు. మా మనుమరాలి రొమ్ముమీద 29 అను సంఖ్య. అప్పటికే మలుపులలో గాడులు పడినవి. మా గృహిణి ప్లాస్కు పట్టుకొని క్రింద నిలుచుండి, వేంకటేశ్వరస్వామిని తలచుకొనుచుండెను. పిల్ల బయలుదేరెను. ఎనిమిది గడలు చక్కగా దాటెను. తొమ్మిదవ గడయొద్ద గాడిలో స్కీ చిక్కి జారి, గడకు తప్పు ప్రక్కన పోయి కూలబడెను. మా గృహిణి ప్లాస్కు మా చేతికిచ్చి రెండడుగులు ముందుకు వేసెను. అమ్మాయి ఆమె చేయి పట్టుకొని ఆపెను.

పిల్ల లేచి మంచు దులుపుకొనెను. గడను తప్పి దిగినయెడల లెక్కలోనికి రాదు. కావున స్కీలను అడ్డముగా పెట్టి, ప్రక్కప్రక్కకు అడుగులు వేయుచు, కొండ మరల నెక్కెను. ఆరడుగులో ఏడడుగులో. చూచుచున్న మాకు అది లౌబర్‌హోర్న్‌కంటె పొడవుగా నుండెను. తొమ్మిదవ గడను సరియైన ప్రక్కనుండి దాటి, తక్కినవన్నియు దాటి, గీతకు వచ్చెను. మొదటి పిల్లకంటె నిమిషము ఆలస్యము.

కొంతసేపటికి ఒక గుడిసె గోడకు జాబితా అంటించిరి. నలుగురు పిల్లలు ముగింపలేదు. వారి పేర్లు అడుగున విడిగా నున్నవి. మా మనుమరాలు 31వది, ముగించినవారిలో చివరిది.

"తాతయ్యా, ఉన్నానా?" అని వెనుకనుండి యడిగెను.

"ఉన్నావు. ముప్పయ్యొకటి" అంటిమి.

అమ్మాయి మా ప్రక్కకు వచ్చి, చేతిజోడు తీసివేసి, ఆ పేరుమీద వ్రేలుంచి, తిన్నగా చదివెను. తరువాత ఫోనుతో ఆ జాబితాను చిత్రము తీసికొనెను. మా గృహిణి ప్లాస్కు మూతలో కాఫీ పోసి పిల్లకిచ్చి, మోకాలు తడిమి చూచి, "ఆ తొమ్మిదో గడ దగ్గర ఎడమకాలి మీద బరువెక్కువ వేశావు" అనెను.